ఆ సినిమాలో సంగీతం లేదు, మేరీ అడ్డంకీ కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ‘ఎగ్జిక్యూటివ్ స్వీట్’ అనే పాత ఇంగ్లిష్ సినిమా మీద పెద్ద వ్యాసం వేశారు. చదివి పక్కన పెడదామనుకున్నాను. నాలుగు రోజులైంది, అన్నం వండుతున్నా అదే, బట్టలు ఉతుకుతున్నా అదే. చివరికి మనవడి నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకుని కూర్చున్నాను.

మొదట చిన్న తప్పు చెబుతాను. ‘నేపథ్య సంగీతం సన్నివేశాలను ఎక్కడికో తీసుకెళ్లింది’ అని వ్యాసం రాసినాయన మెచ్చుకున్నారు. ఆ సినిమాకు నేపథ్య సంగీతమే కట్టలేదండీ. గోపురం మీది గంటలు, రోడ్డు మీద బండ్ల చప్పుడు, మనుషుల గొంతులు, అంతే. మా ఆయనకు చెవులు సరిగా వినపడవు, ఏళ్ల తరబడి కోతమిల్లు పక్కన పనిచేసిన చెవులవి. ఆయన కూడా సగం సినిమా అయ్యాక “ఇందులో మ్యూజిక్ లేదేందే?” అని నన్నే అడిగాడు.

రెండో తప్పు పెద్దది. హీరో భార్య మేరీని ‘భర్త ఎదుగుదలకు అడ్డుపడి, చివరికి దారికొచ్చిన ఇల్లాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ ఉత్తరం దాని గురించే.

నేనెవరో చెప్పాలి కదా. మాది మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా బల్లార్షా. పుట్టింది గోదావరి, ప్రాణహిత కలిసేచోట, సిరోంచలో. చదివింది మరాఠీ బడిలో, పదో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా బాపు, అంటే మా నాన్న, గోడ మీద బొగ్గుతో రాసి నేర్పాడు. అందుకని ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే దిద్దుకోండి. మా ఆయన వడ్రంగం మేస్త్రీ. సీపీ టేకు అనే మాట మీరు వినే ఉంటారు, వెనకటి సెంట్రల్ ప్రావిన్సెస్ పేరు మీద వచ్చింది. అది మా ఆలపల్లి అడవుల్లోది, మా ఊరి ఫారెస్ట్ డిపోలో వేలానికి వస్తుంది. 2023లో అయోధ్య గుడి తలుపులకు ఇక్కడి నుంచే టేకు దుంగలు వెళ్తుంటే ఊరంతా పండగ చేసింది. మా ఆయన మాత్రం వీధి అరుగు మీద కూర్చుని, లారీలో దుంగల కోత మొఖాలు చూసి వయసులు చెప్పుకుంటూ పోయాడు. ఆయనకు పండగంటే అదే.

మా బిడ్డ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ల ఆఫీసు ట్రైనింగ్‌లో ఈ సినిమా చివరి సీను చూపించారట. ‘అందులో బాపుకు నచ్చేది ఒకటుంది’ అని మొన్న సెలవులకు వచ్చినప్పుడు మొత్తం సినిమా టీవీలో పెట్టింది. నేను పేరులోని ఆ మాటను సూట్ అని చదివి, కోటు అనుకున్నాను. స్వీట్ అని పలకాలంట, పెద్దాఫీసర్లు కూర్చునే గదుల వరుసంట. మా ఆయన మిఠాయి సినిమా అనుకుని చూసినంతసేపూ అదే పేరుతో పిలిచాడు. బిడ్డ ఆపి ఆపి తెలుగులో చెబుతుంటే, 104 నిమిషాల సినిమా మాకు మూడు గంటలు పట్టింది. కాబట్టి ఒక్క సీను కూడా నా చేతిలోంచి జారిపోలేదు.

కథ తెలియని వాళ్లకోసం నాలుగు ముక్కలు. ట్రెడ్‌వే అనే ఫర్నిచర్ కంపెనీ. దాని అధ్యక్షుడు బుల్లార్డ్ న్యూయార్క్‌లో టాక్సీ పిలవబోతూ రోడ్డు మీదే కుప్పకూలి చనిపోతాడు. ఆయన మొఖం మనకు చూపించరు, ఆయన కళ్లతోనే మనం చూస్తుంటాం. ఎవడో పర్సు ఎత్తుకుపోయి డబ్బు తీసుకుని చెత్తడబ్బాలో పారేస్తాడు, అందుకని పోయింది ఎవరో కూడా వెంటనే తేలదు. ఆ కుర్చీ ఎవరిదన్న కొట్లాట శుక్రవారం మొదలై శనివారం సాయంత్రానికి తేలిపోతుంది. బోర్డులో ఏడుగురు, నాలుగు ఓట్లు కావాలి. లెక్కలు చూసే షా ఆ నాలుగూ పోగేసే పనిలో ఉంటాడు. అమ్మకాలు చూసే డడ్లీకి సెక్రటరీతో ఉన్న వ్యవహారం పట్టుకుని అతని ఓటు లాగుతాడు. ఇంకొకాయన, కాస్వెల్, కిటికీలోంచి శవాన్ని చూసి కంపెనీ షేర్లు పడిపోతాయని ముందే అమ్మేసిన ఘనుడు. అతన్నీ అలాగే చేతిలో పెట్టుకుంటాడు. ఇక వాలింగ్ డిజైన్లు గీసే మనిషి, కొత్త పద్ధతులు కనిపెట్టే మనిషి. విలియం హోల్డెన్ వేశాడు. మేరీ అతని భార్య, జూన్ అల్లిసన్. డైరెక్టర్ రాబర్ట్ వైజ్.

చివరి మీటింగులో వాలింగ్ లేచి, కంపెనీ చేస్తున్న చవకరకం బల్లనొకదాన్ని తీసుకుని కాలు విరిచేస్తాడు. ఇలాంటిది చేసేవాడికి గర్వమెట్లా ఉంటుంది, కొన్నవాడు మన గురించి ఏమనుకుంటాడు, లాభాల లెక్క ఒక్కటే చూస్తే కంపెనీ నిలుస్తుందా అన్న అర్థంలో మాట్లాడతాడు. అందరూ అతన్నే ఎన్నుకుంటారు.

బల్ల విరిగినప్పుడు మా బిడ్డ బాపు వైపు చూసింది, ఏమంటాడోనని. ఆయన రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ చూశాడు. “లోపల ముందే రంపం పెట్టి ఉంచుంటారు” అన్నాడు. బిడ్డ నవ్వింది. నేను నవ్వలేదు. నా కళ్ల ముందు వేరే బల్ల ఉంది.

1997లో మా ఆయన పనిచేసే ఫర్నిచర్ దుకాణం సేఠ్ నాగ్‌పూర్‌లో షోరూం తెరిచాడు. మేస్త్రీని మేనేజర్ చేస్తానన్నాడు. అప్పటి జీతం 2,200, అక్కడ 4,500. మా ఆయన వద్దన్నాడు. “నాకు అమ్ముడు రాదే” అన్నాడు. పొమ్మన్నది నేను. మేరీలాగా అడ్డుపడ్డ దాన్ని కాను, మెడపట్టి తోసిన దాన్ని. మా చెల్లెలి మొగుడు బొగ్గు గనుల్లో పనికెక్కి క్వార్టర్ తీసుకున్నాడు, ప్రతి పండక్కీ దాని నోటి నుంచి ఆ క్వార్టర్ నీళ్ల గురించీ కరెంటు గురించీ వినాలి. ఇంటి అప్పు వేరే ఉంది. అన్నిటికంటే ‘మేనేజర్’ అన్న మాట. విజిటింగ్ కార్డులు అచ్చేయించి ఇచ్చాడు సేఠ్, ఒకవైపు మరాఠీ, ఒకవైపు ఇంగ్లిష్. అందులో ఒకటి ఉత్తరంలో పెట్టి సిరోంచకు మా బాపుకు పంపాను. బాపు జవాబులో క్షేమ సమాచారాలన్నీ అయ్యాక ఒక్క లైను రాశాడు: ‘అల్లుడి చేతులు ఇప్పుడు ఏం పని చేస్తున్నాయి?’

అప్పుడు నాకు కోపమొచ్చింది. ముసలాయనకు ఏం తెలుసు అనుకున్నాను.

మా ఆయన శనివారం రాత్రి బండికి వచ్చి సోమవారం పొద్దున బండికి పోయేవాడు. ఇస్త్రీ చొక్కా. గోళ్లు తెల్లగా ఉండేవి. పెళ్లయినప్పటి నుంచీ ఆయన గోళ్ల సందుల్లో పాలిష్ నలుపు చూసిన దాన్ని, ఆ తెల్లగోళ్లు చూసి సంబరపడ్డాను. అన్నం కలుపుతుంటే చూసేదాన్ని, ఆఫీసరు చెయ్యిలా ఉందే అని. ఇంట్లో పిల్లలతో తక్కువ మాట్లాడేవాడు, అలసట అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం పెరట్లోకి పోయి, మూలన పడున్న చెక్క ముక్కకు ఊరికే చిత్రిక పట్టేవాడు. ఏం చేస్తున్నావంటే ఏం లేదనేవాడు. నిజంగానే ఏం చేయలేదు. చెక్క అరిగేదాకా అరగదీసి, ఆ పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, ఊడ్చి పారేసి లోపలికొచ్చేవాడు.

1998 దీపావళికి సేఠ్ మాకొక డైనింగ్ టేబుల్ పంపించాడు, షోరూం సరుకు. పైన సన్‌మైకా నిగనిగలాడుతూ, అంచులకు బంగారు రంగు పట్టీ. మా వీధిలో డైనింగ్ టేబుల్ ఉన్న మొదటి ఇల్లు మాది. దాని మీద తిన్నది తక్కువ, అందరం కిందే కూర్చునేవాళ్లం. ఇస్త్రీ బట్టలు, పిల్లల పుస్తకాలు, మామిడిపండ్లు పెట్టేదాన్ని. మా ఆయన వచ్చిన మొదటిరోజు దాన్ని వేలి మెటికతో రెండు చోట్ల కొట్టి చూశాడు. ఏమీ అనలేదు.

మరుసటేడు సద్దుల బతుకమ్మ. మా ఊళ్లో తెలుగువాళ్లు తక్కువేం లేరు, బతుకమ్మ గట్టిగానే ఆడతాం. ఆ ఏడు నేను పెద్దది పేర్చాను. తాంబాళం నిండా గునుగు, తంగేడు, బంతి, మధ్య మధ్యలో కట్ల పూలు, పైన గుమ్మడి పూవులో పసుపు గౌరమ్మ. నడుం దాకా వచ్చింది. కింద పెడితే పిల్లలు తొక్కుతారని ఇద్దరం ఎత్తి టేబుల్ మీద పెట్టాం. చీర కట్టుకుని వచ్చేలోపు చప్పుడు. ఒక కాలు లోపలికి ముడుచుకుపోయింది, టేబుల్ పక్కకు ఒరిగింది, బతుకమ్మ మొత్తం నేల మీద. నేను గౌరమ్మ కోసం పూలల్లో వెతుకుతున్నాను. పక్కనే ఆయన కూడా మోకాళ్ల మీద కూర్చున్నాడు, సాయానికనుకున్నాను. ఆయన పూల వైపు చూడటం లేదు. కాలు ఊడిన చోట వేలు పెట్టాడు. మంచి బల్లకైతే కాలి చివర నాలుకలాగా చెక్కి, తొలిచిన బెజ్జంలోకి బిగించి దిగ్గొడతారు. ఇక్కడ రెండు స్క్రూలు, కాస్త బంక. స్క్రూలు పట్టుకున్నది చెక్క కాదు, పొట్టును బంకతో అదిమిన బోర్డు. వేలితో గీకితే రాలింది. అరచేతిలో పోసుకుని నాకు చూపించాడు.

“ఇవి అటుకులే. నేను రోజూ అమ్మేది ఇదే.”

ఆ రాత్రి ఇక పోనన్నాడు. ఇంకో ఏడాది ఓపిక పట్టమన్నాను, అప్పు తీరనీయమన్నాను. తప్పు నాదే, సంపాదకుల వారూ, ఆయనది కాదు. ఆయన వెళ్లాడు. ఒకాయన కూతురి పెళ్లికి కొన్న మంచం విరిగిందని షోరూంకొచ్చి నానా మాటలన్నాడట. మా ఆయన ఒక ఆదివారం ఇంటికి రాకుండా, సొంత డబ్బుతో టేకు పలకలు కొని వాళ్లింటికే పోయి ఆ మంచం మళ్లీ కట్టి వచ్చాడు. ఈ సంగతి నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. సేఠ్‌కు చెప్పి చూశాడు కూడా. ఐదేళ్లు నిలిస్తే చాలు, ఆరో ఏడు మళ్లీ మన దగ్గరకే వస్తారు అన్నాడట సేఠ్. అక్కడ ఏడుగురి బోర్డేం లేదు కదా బల్ల విరిచి చూపించడానికి. 2001లో మానేసి వచ్చాడు. అప్పటి నుంచి ఇంటి ముందే ద్వారబంధాలు, పీటలు, ఊయల బల్లలు. గోళ్లు మళ్లీ నల్లబడ్డాయి.

ఇప్పుడు మేరీ దగ్గరికి వస్తాను. మేరీ అడ్డుపడిందా? అడ్డుపడింది. ఎందుకు? భర్తకు ఇష్టమైన పని డిజైన్. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ పని చేతిలోంచి పోతుంది, ఇంటికి మనిషి మిగలడు, ఇంకో బుల్లార్డ్ తయారవుతాడు. ఇది అడ్డంకి ఎట్లా అవుతుందండీ? మా బాపు ఒక్క లైనులో నన్నడిగింది అదే. నేను వినలేదు కాబట్టి మేరీ మాట నాకు అంత బాగా వినబడింది.

పైగా బుల్లార్డ్ ఎట్లాంటివాడో సినిమా దాచలేదు. ఆయన కంపెనీనే పెళ్లి చేసుకున్నాడు. కంపెనీ స్థాపించినాయన కూతురు జూలియా ఆయన మీద ప్రాణం పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఆమె తండ్రి ఆత్మహత్య చేసుకున్న మనిషి. బార్బరా స్టాన్‌విక్ ఆ పాత్ర వేసింది, అందరిలోకీ నా కడుపు తరుక్కుపోయింది ఆమెను చూసే. ఇక బుల్లార్డ్ సెక్రటరీ మిస్ మార్టిన్ లోపల కుమిలిపోతూ పని ఆపకుండా చేస్తుంటుంది. ఆ పాత్ర వేసిన నీనా ఫాష్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చిందని మా బిడ్డ చెప్పింది. రావాలి మరి. కళ్ల ముందు ఇన్ని కనబడుతుంటే మేరీ భయపడకుండా ఎట్లా ఉంటుంది? మీ వ్యాసంలో ఈ ఇద్దరాడవాళ్ల పేర్లే లేవు. షా ఎత్తులకు మాత్రం రెండు పేరాలు.

చివర్లో మేరీ ‘దారికొచ్చింది’ అన్నారు. నాకట్లా అనిపించలేదు. మీటింగ్ అయ్యాక బయటికొచ్చిన వాలింగ్ భార్యను కొడుకు ఆట సంగతి అడుగుతాడు. అంతకు ముందు ఆ కుర్రవాడి ఆట వదిలి పోవాల్సి వచ్చింది కదా. ఇది చూసి మా బిడ్డ ‘బాగుంది కదమ్మా, ఇల్లూ గుర్తుంది, ఆఫీసూ గెలిచాడు’ అన్నది. నేనన్నాను, ఇది శనివారం బిడ్డా, సోమవారం ఏం జరిగిందో చూపించలేదు వాళ్లు. శనివారం రాత్రి మీ బాపు కూడా మీకు మిఠాయి పొట్లం తెచ్చేవాడు.

అయినా ఆ సినిమాను తిట్టలేను. చవకసరుకు చేతుల్లో పెట్టి మనిషిని ఖరాబు చేస్తారని తెలిసి తీశారు, అది చాలు. కాకపోతే వాళ్లు వాలింగ్‌ను చెక్క దగ్గరి నుంచి కుర్చీలోకి పంపి సుఖాంతం అన్నారు. మా ఇంట్లో సుఖాంతం కుర్చీలోంచి చెక్క దగ్గరికి వచ్చినప్పుడు జరిగింది.

ఇంకో సంగతి. జూన్ అల్లిసన్ అదే 1954లో ‘ఉమన్స్ వరల్డ్’ అనే ఇంకో సినిమాలోనూ పెద్ద ఉద్యోగం అంచున ఉన్నవాడి భార్యే. అందులో కార్ల కంపెనీ యజమాని ముగ్గురు మేనేజర్లను భార్యలతో సహా న్యూయార్క్‌కు పిలిపిస్తాడు, ఎవరికి పెద్ద పదవి ఇవ్వాలో భార్యల్ని కూడా చూసి తేల్చుకోవడానికి. పెళ్లిచూపులకు పోయినట్టు ముగ్గురూ తయారవుతారు. ఇక్కడ షాగా వేసిన ఫ్రెడ్రిక్ మార్చ్, రెండేళ్లకు ‘ద మ్యాన్ ఇన్ ద గ్రే ఫ్లానెల్ సూట్’లో, ఆఫీసే లోకమై ఇల్లు పోగొట్టుకున్న పెద్దాయనగా వచ్చాడు. (ఇది మాత్రం నిజంగా కోటు సూటే.) ఆ నాలుగైదేళ్లలో వాళ్ల దేశంలో ఇదొక పెద్ద బెంగ అయినట్టుంది. అవి కూడా పెట్టి రాస్తే మీ వ్యాసం బరువుగా ఉండేది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా బిడ్డ ఊరికే సినిమా పెట్టలేదు. వాళ్ల కంపెనీ బెంగళూరు రమ్మంటోంది, చేతికింద నలభైమంది ఉండే పోస్టు. అల్లుడు మంచిర్యాలలో లెక్చరర్, కదలడానికి లేదు, పిల్లాడు మూడో తరగతి. ఇప్పుడే ఆ ఇల్లు హైదరాబాద్‌కూ మంచిర్యాలకూ మధ్య రైల్లో నడుస్తోంది. ఈసారి మేరీ స్థానంలో ఉన్నది మా అల్లుడు. ఆయన వద్దనలేదు, పొమ్మనలేదు, ‘మీ అమ్మనడుగు’ అన్నాడట, తెలివైనవాడు. బిడ్డ వెళ్లేముందు రాత్రి నా పక్కన పడుకుని అడిగింది, ఏం చేయమంటావమ్మా అని. నేను జవాబు చెప్పలేదు. ఆ పోస్టులో నీ చేతులు ఏం పని చేస్తాయి అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, “మీటింగులేనమ్మా, కోడ్ రాయడం ఉండదు” అన్నది. ఇంకా తేల్చుకోలేదు. రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుతుంది.

మీ వ్యాసం దాని కంట పడితే, నలభైమంది మీద కూర్చోబోయే నా బిడ్డ ఇంట్లో ఉన్న మొగుణ్ని అడ్డంకి అనుకుంటుందేమోనని నా భయం. అల్లుడి నోట్లో మాట లేదు కానీ ఆయనకూ ఒక మనసుంది.

సంగీతం మాట మీద సవరణ వేయండి. మేరీ మాట మీద సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. నా పేరు మాత్రం వేయకండి, సేఠ్ కొడుకులు ఈ ఊళ్లోనే ఉన్నారు, మా ఆయన మొన్ననే వాళ్లింటికి పూజగది తలుపులు చేసిచ్చాడు. టేకువే.

ఇట్లు
మీ పాఠకురాలు,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా